గరిక మీద 300 కిలోమీటర్ల వేగం

కొడవలితో గడ్డి కోసినవాళ్లకి ఈ సంగతి తెలుసు: కొడవలి కుడిచేతిలో ఉంటే, ఎడమచేత్తో దుబ్బుని పిడికిట్లో బిగించి పట్టుకోవాలి. లేకపోతే గడ్డి వంగుతుంది గానీ తెగదు. మరి లాన్ మోవర్, అంటే గడ్డి కోసే మిషన్ కింద గడ్డిని పట్టుకునేది ఎవరు?

ఎవరూ పట్టుకోరు. బ్లేడు అంత వేగంగా వచ్చి కొడుతుంది కాబట్టి, వంగడానికి టైమ్ లేక గడ్డి నిలబడ్డచోటే తెగిపోతుంది. 21 అంగుళాల బ్లేడు నిమిషానికి 3000 చుట్లు తిరుగుతోందనుకోండి. ఒక చుట్టుకి దాని కొన 1.68 మీటర్లు పోతుంది, సెకనుకి 50 చుట్లు, అంటే గంటకి 300 కిలోమీటర్లు. 1830లో ఇంగ్లండ్‌లో ఎడ్విన్ బడ్డింగ్ చేసిన మొదటి మోవర్ ఇలా కొట్టేది కాదు, బట్టల మిల్లులో నూగు కత్తిరించే మిషన్ని చూసి చేసిందది, కత్తెరలా కోసేది. ఇప్పుడు మనం తోసుకుంటూ వెనక నడిచే మోవర్లలో ఎక్కువ వాటికి వేగమే ఆ ఎడమచెయ్యి.

ప్రమాదం కూడా ఆ వేగంలోంచే వస్తుంది. డాలస్ శివార్లలో ఇల్లు కొన్న మొదటి ఏడాది, లాన్‌లో ఏముందో చూడకుండా మోవర్ స్టార్ట్ చేశాను. వేపకాయంత రాయి ఒకటి పక్కనించి ఎగిరి వెనకవైపు అద్దం తలుపుకి తగిలింది, తలుపు మొత్తం చిన్న చిన్న ముక్కలై రాలిపోయింది. దానికి కాస్త ముందే మా పాప ఆ తలుపు వెనక నిలబడి నాకు చెయ్యి ఊపింది. అప్పట్నించీ ముందు లాన్ అంతా నడిచి రాళ్లు, పుల్లలు, బొమ్మలు ఏరకుండా మోవర్ ముట్టుకోను. పిల్లలు ఇంట్లోనే ఉండాలి, నాకు కళ్లద్దాలు, గట్టి బూట్లు ఉండాలి. చెప్పులతో మాత్రం వద్దు, దయచేసి.

హ్యాండిల్‌తో కలిపి పట్టుకునే కడ్డీ ఉంటుంది కదా, అది వదిలితే బ్లేడు 3 సెకన్లలో ఆగాలని అమెరికాలో 1982 నుంచి రూలు. చేతికి నొప్పని ఆ కడ్డీని తాడుతో కట్టేసేవాళ్లని చూశాను. కాలు జారి పడితే చెయ్యి వదిలేస్తాం, మిషన్ ఆగుతుంది, దాని పనే అది. కట్టేస్తే ఆగదు. వాలు గట్టు మీద అడ్డంగా నడవమనేదీ ఇందుకే, పైకీ కిందకీ తోస్తే జారినప్పుడు పాదం బ్లేడు దగ్గరికి పోతుంది. మోవర్‌ని మనవైపు లాక్కోవడం కూడా అలాంటిదే.

కింద గడ్డి ఇరుక్కుంటే, ఇంజన్ ఆపినా సరే, స్పార్క్ ప్లగ్ వైరు పీకాకే ముట్టుకోవాలి. బ్లేడు ఇంజన్ ఇరుసుకే బిగించి ఉంటుంది, దాన్ని చేత్తో తిప్పితే ఇంజన్ తిరుగుతుంది, ఒక్కోసారి స్టార్ట్ అవుతుంది కూడా. బ్యాటరీ మోవర్ అయితే బ్యాటరీ తీసెయ్యండి.

గడ్డి తడిగా ఉంటే నేను అసలు దిగను. బ్లేడు చివర్లు పైకి ఒంపు తిరిగి ఉంటాయి, ఫ్యాన్‌లా గాలిని పైకి లాగి, పడుకున్న గడ్డిని నిలబెడతాయి. తడి గడ్డి బరువుకి లేవదు, ముద్దలా అంటుకుంటుంది. దుబ్బు ఒత్తుగా ఉన్నచోట నడక తగ్గించాలి. బ్లేడుకి రెండు కొనలు, సెకనుకి 100 దెబ్బలు, మీరు సెకనుకి మీటరు నడిస్తే సెంటీమీటరుకి ఒక్క దెబ్బే పడుతుంది. సగం వేగంతో నడిస్తే రెండు పడతాయి.

ఇక్కడ చాలా లాన్లలో ఉండే బెర్ముడా గ్రాస్ మనకి కొత్తదేం కాదు, వినాయకచవితికి కోసుకొచ్చే గరికే. దీన్ని 2 అంగుళాల్లో ఉంచాలంటే 3 కాగానే కొయ్యాలి, ఒక్కసారికి మూడోవంతు మించకూడదు. గడ్డి వండుకు తినేది ఆకుతోనే కదా, ఎక్కువ కోసేస్తే వేళ్లకి తిండి తగ్గి ఎదుగుదల ఆగుతుంది. పక్కింటి లాన్‌లో సెయింట్ అగస్టీన్ అనే గడ్డి ఉంటే దాని ఎత్తు వేరు, ఇంకాస్త పొడుగ్గా వదలాలి. కోసిన తుక్కు సన్నగా ఉంటే అక్కడే వదిలెయ్యండి, అందులో నత్రజని ఉంటుంది.

బ్లేడుకి పదునుందో లేదో మోవర్ని కదపకుండానే తెలుస్తుంది. కోసిన రెండ్రోజులకి ఒక ఆకు తుంచి ఎండలో పట్టుకుని చూడండి. పదునుంటే కొన తిన్నగా, పచ్చగా ఉంటుంది, లేకపోతే నమిలేసిన తాటాకులా పీచులు లేచి గోధుమరంగులోకి తిరిగి ఉంటుంది.