డిస్క్ మీది నాలుగు అంకెలు: ఎక్కడ పుట్టాయి, ఎంతవరకు నమ్మాలి

అమెరికాలో ఉంటున్న మనవాళ్లు చాలామంది పార్కులో వాకింగ్‌కి వెళ్లినప్పుడు చూసే ఉంటారు. ఒక ఇనప స్తంభం, దానికి వేలాడే గొలుసులు, కింద బుట్ట. దూరం నుంచి ఎవరో ప్లాస్టిక్ డిస్క్ విసురుతారు, అది గొలుసులకు తగిలి బుట్టలో పడుతుంది. అదే డిస్క్ గోల్ఫ్. ఆడే మైదానాన్ని కోర్సు అంటారు. చాలా కోర్సుల్లో డబ్బు కట్టక్కర్లేదు, ఒక్క డిస్క్ ఉంటే ఆట మొదలుపెట్టొచ్చు. ఆ ఒక్క డిస్క్ కొనడానికి షాపుకు వెళ్లినప్పుడే టెన్షన్ మొదలవుతుంది. ప్రతిదాని మీదా నాలుగు అంకెలు ఉంటాయి. ఒకదాని మీద 12, 5, -1, 3. ఇంకోదాని మీద 6, 5, -2, 1. పెద్ద అంకె ఉన్నదే దూరం వెళ్తుందనుకుని నేను మొదట 12 ఉన్నది తీసుకున్నాను. నెల రోజులపాటు విసిరినప్పుడల్లా ఎడమవైపు పొదల్లోకే వెళ్లింది. నా చెయ్యే బాగాలేదనుకున్నాను. ఆ అంకెలు ఎలా వచ్చాయో తెలుసుకున్నాక, వాటిని నేను చదివిన తీరే తప్పని అర్థమైంది.

ఈ ఆట మొదలైన రోజుల్లో అంకెలతో పనే లేదు. ఫ్రెడ్ మోరిసన్ తయారుచేసిన ఎగిరే పళ్లాన్ని 1957లో వామ్-ఓ కంపెనీ మార్కెట్‌లోకి తెచ్చింది. అదే తర్వాత ఫ్రిస్బీ అయింది. ఆ కంపెనీలో పనిచేసిన ఎడ్ హెడ్రిక్ దాన్ని మెరుగుపరిచి 1967లో పేటెంట్ పొందాడు. 1975లో కాలిఫోర్నియాలోని ఓక్ గ్రోవ్ పార్కులో మొదటి శాశ్వత డిస్క్ గోల్ఫ్ కోర్సు వేసిందీ, గొలుసుల బుట్టను కనిపెట్టిందీ ఆయనే. 1976లో ప్రొఫెషనల్ డిస్క్ గోల్ఫ్ అసోసియేషన్‌ను, అంటే పీడీజీఏను కూడా ఆయనే స్థాపించాడు. అప్పట్లో అందరి చేతుల్లో ఉన్నవి దాదాపు ఒకే రకం డిస్కులు: వెడల్పుగా, అంచు మొద్దుగా, ఇద్దరు నిలబడి పట్టుకునే ఆటకు తగ్గట్టుగా ఉండేవి. ఏ డిస్క్ ఎలా ఎగురుతుందో ఒకరికొకరు చెప్పుకోవాల్సినంత తేడా వాటిలో లేదు.

ఆ తేడా 1983లో వచ్చింది. డేవ్ డునిపేస్ అనే డిజైనర్ డిస్క్ అంచును ఏటవాలుగా చెక్కినట్టు మలిచాడు. ఆ డిస్క్ పేరు ఈగిల్. దాన్ని తెచ్చిన కంపెనీ ఇన్నోవా. మొద్దు అంచు గాలిని తోసుకుంటూ వెళ్తే, ఈ అంచు గాలిని కోసుకుంటూ వెళ్తుంది. నా దృష్టిలో డిస్క్ గోల్ఫ్ ఫ్రిస్బీ నుంచి విడిపోయి సొంత ఆటగా నిలబడింది ఆ అంచు దగ్గరే. అంచు ఎంత వెడల్పు ఉండాలి, ఏటవాలు ఎక్కడ మొదలవ్వాలి, పైభాగం ఎంత ఉబ్బెత్తుగా ఉండాలి అని ఒక్కొక్కటీ మారుస్తూ పోతే ఒక్కో మార్పుకు ఒక్కో రకం డిస్క్ పుట్టింది. బుట్ట దగ్గర వేయడానికి పట్టర్, మధ్య దూరానికి మిడ్‌రేంజ్, ఎక్కువ దూరానికి డ్రైవర్. పేర్లేమో లెపర్డ్, ఫైర్‌బర్డ్, డిస్ట్రాయర్. పేరు విని అది ఎటు వెళ్తుందో చెప్పలేం. అందుకే ఇన్నోవా నాలుగు అంకెల పద్ధతి పెట్టింది.

మొదటిది స్పీడ్, డిస్క్ సరిగ్గా ఎగరడానికి కావాల్సిన వేగం: 1 నుంచి 14 దాకా. రెండోది గ్లైడ్, గాలిలో తేలే గుణం: 1 నుంచి 7. మూడోది టర్న్: +1 నుంచి -5. నాలుగోది ఫేడ్: 0 నుంచి 5. కుడిచేతితో బ్యాక్‌హ్యాండ్, అంటే చేతిని ఒంటికి అడ్డంగా తెచ్చి బయటికి విసిరేవాళ్లను దృష్టిలో పెట్టుకుని ఇచ్చిన అంకెలివి. అలా విసిరినప్పుడు డిస్క్ మొదట వేగంగా ఉండగా కుడికి ఎంత ఒరుగుతుందో టర్న్ చెబుతుంది (మైనస్ అంకె ఎంత పెద్దదైతే అంత ఎక్కువ), చివర్లో వేగం తగ్గాక ఎడమకు ఎంత పడుతుందో ఫేడ్ చెబుతుంది.

ఇలా అటూ ఇటూ ఒరగడానికి కారణం బొంగరం ఆడినవాళ్లకు తేలిగ్గా అర్థమవుతుంది. తిరుగుతున్న బొంగరాన్ని ఒకవైపు తోస్తే అది నేరుగా ఆ వైపు పడిపోదు, దానికి అడ్డంగా ఇంకో వైపు ఒరుగుతుంది. డిస్క్ కూడా అంతే. అది వేగంగా వెళ్తున్నప్పుడు గాలి పైకెత్తే బలం డిస్క్ మధ్యకు కాస్త వెనకగా పనిచేసి ముక్కును, అంటే ముందు అంచును కిందికి వంచాలని చూస్తుంది. గిరగిరా తిరుగుతున్నందువల్ల ముక్కు వంగే బదులు డిస్క్ కుడికి ఒరుగుతుంది. వేగం తగ్గేకొద్దీ ఆ బలం ముందుకు జరిగి ముక్కును పైకెత్తాలని చూస్తుంది. అప్పుడు డిస్క్ ఎడమకు ఒరుగుతుంది. అంటే టర్న్ కనిపించాలంటే ఆ డిస్క్‌కు కావాల్సిన వేగం మన చేయి ఇవ్వాలి. ఫేడ్‌కు ఆ అవసరం లేదు, ఎవరు విసిరినా వస్తుంది. 12 స్పీడ్ డిస్క్‌ను నాలాంటివాళ్లు విసిరితే -1 అసలు కనిపించదు, 3 మాత్రం ముందే వచ్చేస్తుంది. నా పొదల కథ అదే.

ఈ అంకెలకు తూనికరాళ్లకు ఉన్నట్టు సర్కారు ముద్ర ఉంటుందని చాలామంది అనుకుంటారు. లేదు. పీడీజీఏ ప్రతి కొత్త డిస్క్‌నూ పరీక్షించే మాట నిజమే. వ్యాసం కనీసం 21 సెంటీమీటర్లు ఉండాలి, అంచు వెడల్పు 2.6 సెంటీమీటర్లు దాటకూడదు, బరువు వ్యాసంలో ప్రతి సెంటీమీటరుకు 8.3 గ్రాములకు మించకూడదు. అయితే నాలుగు అంకెలు దాని పరిధిలోకి రావు, వాటిని ఇచ్చేది కంపెనీయే. మిషిగన్‌కు చెందిన డిస్క్రాఫ్ట్ చాలాకాలం స్థిరత్వాన్ని, అంటే కుడికో ఎడమకో ఒరిగే గుణాన్ని చెప్పే ఒకే అంకెతో నడిపి, తర్వాత నాలుగంకెల్లోకి వచ్చింది. ప్రాడిజీ అనే కంపెనీ పేరులోనే సమాచారం పెట్టింది: డి అంటే డ్రైవర్, ఎం అంటే మిడ్‌రేంజ్, పక్కన ఉన్న అంకె ఎంత చిన్నదైతే ఎడమకు పడే గుణం అంత ఎక్కువ. మిగతావాళ్లు చాలామంది ఇన్నోవా అంకెలనే తమ కొలతగా తీసుకున్నారు. ఒక కంపెనీ తన డిస్కులను ఒకదానితో ఒకటి పోల్చి చెప్పడానికి పెట్టుకున్న భాష ఇలా అందరి భాషా అయింది. ఒక కంపెనీ 9కీ ఇంకో కంపెనీ 9కీ తేడా ఉంటే ఎవరిని అడగాలి? అడగడానికి ఎవరూ లేరు.

నాలుగింటిలో నేను ఎక్కువ నమ్మేది స్పీడ్‌ను. అది చాలావరకు అంచు వెడల్పుతో ముడిపడి ఉంటుంది, స్కేలు పెట్టి చూసుకోవచ్చు. మిగతా మూడూ ఎగరడం చూసి ఇచ్చిన అంచనాలు. పైగా ఒకే పేరున్న డిస్క్ మెత్తటి చవక ప్లాస్టిక్‌లో ఒకలా, గట్టి ఖరీదైన ప్లాస్టిక్‌లో ఇంకోలా ఎగురుతుంది. చెట్లకు తగిలి అరిగేకొద్దీ కుడికి ఒరగడం పెరుగుతుంది. ఎదురుగాలిలోనూ అంతే. డెన్వర్ లాంటి ఎత్తైన ఊళ్లో గాలి పలచన కాబట్టి అదే డిస్క్ త్వరగా ఎడమకు పడుతుంది.

కొత్తగా కొనేవాళ్లకు నేను చెప్పేది ఒకటే: ముందు 7 లోపు స్పీడ్ చూడండి. 2, 3, 0, 1 ఉన్న ఏవియర్ లాంటి పట్టర్ ఒకటి, 6, 5, -2, 1 ఉన్న లెపర్డ్ ఒకటి చాలు. లెపర్డ్ టర్న్ -2 చూసి భయపడక్కర్లేదు. నెమ్మది చేతికి అది దాదాపు తిన్నగా వెళ్తుంది. అదే డిస్క్ తక్కువ బరువులో, 150 గ్రాముల దరిదాపుల్లో దొరికితే ఇంకా తేలిక. కనీసం రెండు నెలలు ఆ రెండింటితోనే ఆడాకే మూడోది కొనండి.

డిస్క్ పోతే తిరిగి ఇస్తారని అందరం వెనకవైపు మార్కర్‌తో పేరు, ఫోన్ నంబర్ రాసుకుంటాం. నా లెపర్డ్ మీద ఆ నంబర్ కింద ఇంకో వరుస కూడా ఉంది: 6, 4, 0, 2. నా చేతిలో అది ఎగిరే తీరు చూసి నేను వేసుకున్న అంకెలవి. అది అరిగేకొద్దీ మూడో అంకెను ఇప్పటికి రెండుసార్లు కొట్టేసి మళ్లీ రాశాను.