సెలైన్ బాటిల్, ఊరగాయ, ఇంటిపేరు: మహిళల ఫుట్‌బాల్ జట్టుతో విదేశాలకు వెళ్లడంపై అపోహలు - వాస్తవాలు

నేను ఫిజియోథెరపిస్టుని. మాది అనంతపురం. జాతీయ మహిళల ఫుట్‌బాల్ జట్ల శిబిరాల్లో, విదేశీ టోర్నీల్లో కొన్నేళ్లుగా పనిచేస్తున్నాను. సెలవు దొరికి ఇంటికొస్తే వీధిలో మొదట వినపడేది, "ఏమ్మా, ఈసారి యాడికి పోయొచ్చినావు? ఏమేం చూసినావు?" తర్వాత పిల్లల్ని గ్రౌండ్‌కు పంపే అమ్మలు వస్తారు. వాళ్ల ప్రశ్నలు వేరుగా ఉంటాయి. నాకు పనికొచ్చే ప్రశ్నలు అవే. ఇద్దరికీ కలిపి ఇక్కడ చెబుతున్నా.

అపోహ: టోర్నీ అంటే పైసా ఖర్చు లేకుండా దేశాలు చూసి రావడం.

ఖాట్మండులో పది రోజులుండి నేను చూసినవి నాలుగు: విమానాశ్రయం, హోటల్, ప్రాక్టీస్ గ్రౌండ్, దశరథ్ స్టేడియం. పొద్దున లేవగానే ఒక్కొక్కరి బరువు చూడాలి, ఎంతసేపు పడుకున్నారో అడగాలి, ఎక్కడ నొప్పో రాసుకోవాలి. నీళ్లు సరిగ్గా తాగుతున్నారా అన్నది మూత్రం రంగును బట్టి చూసుకుంటాం. మధ్యాహ్నం కాళ్లకు టేపింగ్, సాయంత్రం ప్రాక్టీస్, రాత్రి మసాజ్ టేబుల్ దగ్గర క్యూ. మ్యాచ్‌కు ముందురోజు జరిగే మీటింగ్‌లో ఎవరు ఏ రంగు జెర్సీ వేయాలి, గోల్‌కీపర్ ఏ రంగు వేయాలి అన్నది కూడా తేల్చుకోవాలి. ఇక మ్యాచ్ అయ్యాక ఐసు. భాష రాని ఊళ్లో హోటల్ వంటగదికి వెళ్లి నాలుగు బకెట్ల ఐసు అడుక్కోవడం ఏ కాలేజీలోనూ నేర్పని విద్య. టబ్ లేని చోట బజారుకెళ్లి పెద్ద ప్లాస్టిక్ డ్రమ్ములు కొని, అందులో అమ్మాయిల్ని కూర్చోబెట్టిన రోజులు ఉన్నాయి.

అపోహ: ఆడవాళ్ల మ్యాచ్ కాబట్టి టైమ్ తక్కువ, బంతి చిన్నది.

అదే 90 నిమిషాలు, అదే 5వ నంబరు బంతి, అదే గోల్‌పోస్ట్. ముందుకు పోదాం.

అపోహ: జ్వరమొస్తే ఒక సెలైన్, నొప్పి పుడితే ఒక సూది. మరుసటి రోజుకు లేచి ఆడుతుంది.

దీని గురించి కాస్త ఎక్కువే రాస్తాను, ఎందుకంటే మన వైపు ఇదే పెద్ద ప్రమాదం. కాస్త నీరసంగా ఉంటే ఆర్‌ఎంపీ దగ్గరకు తీసుకెళ్లి సెలైన్ పెట్టించడం మనకు అలవాటు. ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ వాడా నిబంధనల ప్రకారం 12 గంటల్లో 100 మిల్లీలీటర్లకు మించి నరానికి ఎక్కించుకోవడం నిషేధం. ఆసుపత్రి చికిత్సలోనో, సర్జరీలోనో, పరీక్షలోనో భాగమైతేనే మినహాయింపు. మామూలు సెలైన్ బాటిల్ 500 మిల్లీలీటర్లు. లోపలున్నది ఉప్పునీళ్లే కదా అంటే కుదరదు. ఎక్కించిన పద్ధతే తప్పు. పైగా ఇది టోర్నీ రోజులకే కాదు, ఏడాది పొడవునా వర్తిస్తుంది.

సూది సంగతి ఇంకా తిప్పలు. నొప్పికి వేసే ఇంజెక్షన్లలో కొన్నిసార్లు స్టెరాయిడ్ ఉంటుంది. 2022 జనవరి 1 నుంచి ఆ రకం స్టెరాయిడ్లను ఇంజెక్షన్‌గా ఎక్కడ వేసినా పోటీల సమయంలో నిషేధమే. ట్రయామ్‌సినోలోన్ అనే స్టెరాయిడ్‌ను కండకు వేస్తే పోటీకి 60 రోజుల ఎడం ఉండాలని వాడా పట్టికలోనే ఉంది. అంటే ఉగాదికి నడుం నొప్పని వేయించుకున్న సూది, రెండు నెలల దాకా వేరే దేశంలో బయటపడొచ్చు. ముఖం మీద మొటిమలకు, పీసీఓఎస్‌కు (నెలసరి గతి తప్పే హార్మోన్ల సమస్య) డాక్టర్లు రాసే స్పైరోనోలాక్టోన్ మాత్ర కూడా నిషేధ జాబితాలో ఉంది, మూత్రం ఎక్కువ పోయించే మందుల కింద. కొన్ని జలుబు మాత్రల్లో ఉండే సూడోఎఫెడ్రిన్ మోతాదు దాటితే పోటీ రోజున చిక్కు.

"నాకు తెలీదు మేడమ్, మా డాక్టరే ఇచ్చినాడు" అన్న మాట అక్కడ చెల్లదు. ఒంట్లోకి ఏది పోయినా బాధ్యత ఆడే మనిషిదే. నిజంగా అవసరమైన మందయితే ముందే కాగితాలు పెట్టి అనుమతి తీసుకునే పద్ధతి ఉంది. కాబట్టి క్యాంపుకు వచ్చే పిల్లతో ఆర్నెల్లుగా వాడిన మందుల చీటీలన్నీ పంపండి, చింపి పారేయకండి.

ఇంకో మాట. కాఫీ నిషేధం కాదు. 2004లోనే కెఫీన్‌ను ఆ జాబితా నుంచి తీసేశారు. డోప్ పరీక్షకు శాంపిల్ ఇవ్వడం మాత్రం ఓ పరీక్షే. 90 నిమిషాలు చెమటోడ్చిన అమ్మాయి, మహిళా అధికారి ఎదురుగా నిలబడి చూస్తుండగా 90 మిల్లీలీటర్ల మూత్రం ఇవ్వాలి. ఒకసారి ఒక్క అమ్మాయి కోసం జట్టంతా బస్సులో రెండు గంటలు కూర్చున్నాం. ఆ రోజు ఓడిపోయాం కూడా. బస్సులో ఎవరూ నోరు మెదపలేదు.

అపోహ: నెలసరి రోజుల్లో ఆడకూడదు, అందుకే టోర్నీకి ముందు మాత్రలేసి వెనక్కి జరపాలి.

నొప్పి భరించగలిగితే ఆడొచ్చు, అందరూ ఆడుతున్నారు కూడా. వ్రతాలకు, పెళ్లిళ్లకు వాడే నోరెథిస్టెరాన్ మాత్ర నిషేధంలో లేదు. కానీ డాక్టరుకు, నాకు చెప్పకుండా వేసుకుంటే మాత్రం ఊరుకోను. దాని ఆనవాళ్లు మూత్ర పరీక్షలో కనపడొచ్చు, డోప్ పరీక్ష ఫారంలో రాయాల్సి ఉంటుంది. అసలు భయం నొప్పి కాదు, మరక. తెల్ల షార్ట్స్ వేసుకుని కెమెరాల ముందు పరుగెత్తే పిల్ల మనసు బంతి మీద ఎలా ఉంటుంది? ఇంగ్లండ్ జట్టు 2023లో తెల్ల షార్ట్స్ వదిలేసి నీలంకు మారింది అందుకే.

దీనికి తిరగేసిన అపోహ ఒకటుంది, అది ఇంకా చెడ్డది. బాగా ప్రాక్టీస్ చేస్తే నెలసరి ఆగిపోతుంది, అది ఫిట్‌నెస్‌కు గుర్తు అని. కాదు. కష్టానికి తగిన తిండి లేదని ఒళ్లు చెబుతోందన్నమాట. ఒలింపిక్ కమిటీ 2014లో దీనికి రెడ్-ఎస్ అని పేరు పెట్టింది. పట్టించుకోకపోతే ఎముకలు పలచబడతాయి. మూడు నెలలు రాకపోతే గైనకాలజిస్టును కలవండి. సిగ్గుపడి దాచే అమ్మాయిలనే నేను ఎక్కువ చూశాను.

రక్తం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15-49 ఏళ్ల మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. క్యాంపులో రెండో అర్ధభాగానికే ఆయాసపడే పిల్లను కోచ్ బద్ధకస్తురాలు అంటాడు. నేను ముందు హిమోగ్లోబిన్ చూపిస్తాను. అన్నం తిన్న వెంటనే టీ తాగే అలవాటు మాన్పించినా కొంత మేలే, టీ ఇనుమును ఒంటికి పట్టనివ్వదు.

అపోహ: పరాయి దేశంలో తిండి దొరకదు, ఊరగాయలు కట్టివ్వాలి. / అన్నం తింటే ఆడలేరు.

ఈ రెండూ ఒకే అమ్మ నోటి నుంచి వింటాను! మ్యాచ్ ముందురోజు అన్నమే పెట్టిస్తాం, పరుగుకు కావాల్సిన శక్తి అందులోనే ఉంది. ఊరగాయ, శెనక్కాయల పొడి పంపండి, నాకూ ఇష్టమే. చెకిన్ బ్యాగులో పెట్టండి, చేతి సంచిలో వద్దు. ఆస్ట్రేలియా లాంటి దేశంలో దిగేటప్పుడు తినే వస్తువులన్నీ ఫారంలో చూపించాలి. చూపిస్తే మహా అయితే తీసి పడేస్తారు. దాస్తే జరిమానా. ఓళిగల్లో (బొబ్బట్లలో) నెయ్యి ఉంటుంది, అక్కడికి వద్దే వద్దు.

అపోహ: మోకాలు విరిగితే తలరాత.

మోకాలి లోపలి ఏసీఎల్ లిగమెంటు తెగడం మగవాళ్లకంటే ఆడవాళ్లలో రెండు, మూడు రెట్లు ఎక్కువ. అదీ ఎవరో గుద్దితే కాదు, చాలాసార్లు తనంతట తానే దూకి దిగేటప్పుడో, ఒక్కసారిగా తిరిగేటప్పుడో. ఫిఫా 11+ అనే 20 నిమిషాల వార్మప్ ఉంది: పరుగు, ఒంటికాలి మీద నిలబడటం, దూకి మెత్తగా దిగడం, తొడ వెనక కండకు పని. ఇలాంటివి వదలకుండా చేసిన జట్లలో అమ్మాయిల ఏసీఎల్ గాయాలు సగానికి తగ్గినట్టు అధ్యయనాల్లో తేలింది. మన ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లోనైనా చేసుకోవచ్చు, పైసా ఖర్చు లేదు. గ్రౌండ్‌లోకి పరుగెత్తి మేం కొట్టే స్ప్రే గాయాన్ని మాన్పదు, కాసేపు నొప్పిని మొద్దుబారుస్తుంది, అంతే.

అపోహ: మన అమ్మాయిల జట్టుకు అంత సీన్ లేదు.

2025 జులై 5న చియాంగ్ మాయ్‌లో థాయిలాండ్‌ను 2-1తో ఓడించి ఆస్ట్రేలియా వేదికగా 2026 ఆసియా కప్‌కు అర్హత సాధించారు. రెండు గోల్స్ సంగీతా బస్‌ఫోర్‌వే. క్వాలిఫయర్లు గెలిచి అక్కడికి చేరడం మన సీనియర్ జట్టుకు అదే మొదటిసారి. అదే ఏడాది అండర్-20, అండర్-17 జట్లూ తమ ఆసియా కప్‌లకు చేరాయి. దక్షిణాసియాలో 2010 నుంచి 2019 దాకా వరుసగా ఐదుసార్లు మనమే ఛాంపియన్లం. ఆ తర్వాత రెండుసార్లు బంగ్లాదేశ్ పట్టుకుపోయింది, ఆ మంట ఇంకా ఉంది. తెలుగు పిల్లలకు అంతదాకా దారి లేదనే వాళ్లకు నిజామాబాద్ జిల్లా తండా నుంచి జాతీయ జట్టుకు ఎదిగిన గుగులోత్ సౌమ్య పేరు చెబుతాను.

అపోహ: సెలెక్ట్ అయితే చాలు, కాగితాల పని వాళ్లే చూసుకుంటారు.

2022 ఆగస్టులో గోకులం కేరళ క్లబ్ అమ్మాయిలు ఆసియా క్లబ్ పోటీకి తాష్కెంట్ చేరాక, భారత ఫుట్‌బాల్ సమాఖ్యపై ఫిఫా నిషేధం పడి, మైదానంలో అడుగు పెట్టకుండానే తిరిగొచ్చారు. అది ఎవరి చేతిలోనూ లేదు. పాస్‌పోర్టు మన చేతిలోనే ఉంది. పదిహేనేళ్లలోపు పిల్లలకు తీసిన పాస్‌పోర్టు ఐదేళ్లకో, పద్దెనిమిదేళ్లు నిండేసరికో, ఏది ముందైతే అప్పుడు గడువు తీరిపోతుంది. చాలా దేశాలు ఇంకా ఆరు నెలల గడువు ఉండాలంటాయి. మన దగ్గర అసలు గొడవ ఇంటిపేరు. ఆధార్‌లో పూర్తి ఇంటిపేరు, పదో తరగతి మార్కుల జాబితాలో ఒక్క అక్షరం, జనన ధ్రువపత్రంలో అదీ లేదు. మూడు కాగితాల్లో ముగ్గురు మనుషులు.

మా జిల్లా పిల్లే ఒకతి ఇలాగే అండర్-17 క్యాంపు దాకా వచ్చి, జట్టు విమానం ఎక్కే రోజుకు పాస్‌పోర్టు చేతికి రాక ఇంటికి వెళ్లిపోయింది. వాళ్ల నాన్న శెనక్కాయ రైతు. బస్టాండులో నాతో ఒక్క మాటా మాట్లాడలేదు. మొన్న ఫోన్ చేశాడు. చిన్న కూతురికి పాస్‌పోర్టు తీయించానని, ఇంటిపేరు అన్నిట్లో ఒకటే ఉందని, రెండుసార్లు చూసుకున్నానని చెప్పాడు. ఆ పిల్లకు పదకొండేళ్లు. ఇంకా స్కూలు జట్టులో కూడా లేదు.