ఫ్లామెంకో - జాజ్ కలయిక: స్కేలు, వేగం, ఇంకా కొన్ని అపోహలు

నా దగ్గరికి స్పెయిన్ సంగీతమైన ఫ్లామెంకో గిటార్ నేర్చుకోవడానికి వచ్చేవారిలో ఎక్కువమంది అప్పటికే బ్లూస్‌నో జాజ్‌నో కొంత వాయించినవారే. వాటికి ఫ్లామెంకో జోడించి ఫ్యూజన్ చేయాలన్నది వారి కోరిక. దానికి ఏం కావాలనుకుంటున్నారని అడిగితే ప్రతిసారీ అదే జవాబు వస్తుంది: ఫ్రిజియన్ స్కేలు (ఒక స్వరవరుస), చేతివేగం. ఈ ప్రచారం నమ్మి ఏళ్లు పోగొట్టుకున్నవారిని, మణికట్టు నొప్పి తెచ్చుకున్నవారిని చూశాను కనుక ఇంత గట్టిగా రాయవలసి వస్తోంది.

అపోహ: ఫ్రిజియన్ స్కేలును వేగంగా వాయిస్తే ఫ్లామెంకో వచ్చేస్తుంది, లయ సంగతి తరువాత చూసుకోవచ్చు.

వాస్తవం: స్కేలు నేర్చుకోవడం ఒక పూట పని. కర్ణాటక సంగీతం వచ్చినవారికి ఆ పూట కూడా అక్కర్లేదు. ఫ్రిజియన్ స్వరస్థానాలు హనుమతోడివే, గాంధారాన్ని అంతర గాంధారంగా మారిస్తే వకుళాభరణం అవుతుంది. ఫ్లామెంకో ఈ రెండు గాంధారాలనూ వాడుకుంటుంది. మరి ఆలెగ్రియాస్ మేజర్ స్కేలులో నడుస్తుంది కదా? దక్షిణ స్పెయిన్‌లోని కాదిస్‌లో పుట్టిన ఆ బాణీని ఫ్లామెంకో కాదని ఎవరూ అనరు, ఎందుకంటే దాన్ని నిలబెట్టేది కొంపాస్, అంటే ఆ లయచక్రం. తారాంతా, గ్రనాయినా వంటి లయబంధం లేని బాణీలూ ఉన్న మాట నిజమే గానీ, డ్రమ్స్, బేస్‌తో కలిసి వాయించాలనుకునేవారు మొదలుపెట్టవలసిన చోటు అది కాదు.

సోలెయా అనే బాణీని తీసుకుందాం. చక్రానికి పన్నెండు దెబ్బలు. బరువు 3, 6, 8, 10, 12 మీద పడుతుంది. మొదటి రెండూ తేలికగా సాగిపోతాయి, సంగీత వాక్యం 10 మీద వచ్చి వాలుతుంది, 11, 12 ఊపిరి పీల్చుకోవడానికి మిగులుతాయి. బులెరియా అనే బాణీ ఇదే చక్రాన్ని బాగా వేగంగా తిప్పుతుంది, లెక్కను సాధారణంగా 12 నుంచి మొదలుపెడతారు. మృదంగం నేర్చుకున్నవారు ఈ లెక్కను చప్పున పట్టుకుంటారు గానీ సమం (ఆవర్తంలో మొదటి దెబ్బ) మీద బరువు వేసే అలవాటు వారిని మొదట్లో ఇబ్బంది పెడుతుంది. ఇక్కడ ఒకటో దెబ్బ మీద గట్టిగా వాలితే సోలెయా అక్కడికక్కడే కూలిపోతుంది.

బ్లూస్ వాయించేవారిది మరో చిక్కు. బ్లూస్‌లోనూ పన్నెండే, ఇందులోనూ పన్నెండే, కాబట్టి రెండూ ఒకటేనని వారిలో చాలామంది నమ్ముతారు. బ్లూస్‌లో పన్నెండు బార్లు (లయలో సమాన భాగాలు), ఒక్కొక్క బారుకు నాలుగు దెబ్బలు, మొత్తం 48. అంటే నాలుగు సోలెయా చక్రాలు. రెండింటినీ ఒకే చోట మొదలుపెడితే చివరన కలుస్తాయి, నిజమే. మధ్యలో ఏమవుతుందో చూడండి: అయిదో బారులో నాలుగో కార్డు (కార్డు అంటే కలిపి మోగించే స్వరాల గుత్తి) వచ్చేది 17వ దెబ్బ మీద, అది రెండో చక్రంలో 5, మూల కార్డు తిరిగి వచ్చేది 25వ దెబ్బ మీద, అది మూడో చక్రంలో 1, అయిదో కార్డు వచ్చేది 33వ దెబ్బ మీద, అది అదే చక్రంలో 9. ఈ మూడింటిలో ఒక్కటి కూడా బరువు పడే దెబ్బ కాదు. కార్డు మారిన ప్రతిచోటా కొంపాస్ ఒక వైపుకు, పాట మరో వైపుకు లాగుతాయి. ఆ తగాదాను తీర్చడమే ఫ్యూజన్‌లో అసలు పని, దాన్ని ఏ స్కేలూ తీర్చదు.

బ్లూస్ బాగా వాయించే ఒక యువకుడు ఒకసారి ఎంతో దిగులుగా వచ్చాడు. ఏళ్ల తరబడి మెట్రోనోమ్ పెట్టుకుని పికాదో (వేళ్లతో ఒక్కొక్క స్వరాన్నీ వేగంగా మీటడం) సాధన చేశాడు, ముంజేయి బిగుసుకుపోయింది, వేగం మాత్రం ఒక హద్దు దాటడం లేదు. "నా చేతులే ఇంతేనేమో సార్" అన్నాడు. గిటార్ పక్కన పెట్టించి, అరచేతులను కాస్త గుంటగా వంచి, మెత్తటి చప్పుడు వచ్చేలా సోలెయాకు చప్పట్లు వేయమన్నాను. ఆరు దాకా బాగానే వచ్చాడు. మూడేసి దెబ్బల నడక అక్కడితో ఆగి రెండేసికి మారుతుంది, అతని చేతులు మాత్రం ఎనిమిదిని వదిలేసి తొమ్మిది మీద పడ్డాయి. లోపం చేతుల్లో లేదని అతనికి అర్థమయ్యాక ముఖం తేటపడింది. కొన్ని నెలల పాటు చప్పట్లు, రాస్గెయాదో (తీగలన్నిటినీ వేళ్లతో లయగా మీటడం) తప్ప మరేమీ వాయించనివ్వలేదు. బిగువు సడలాక వేగమూ కొంత దానంతటదే పెరిగింది.

ఈ కలయికను నిలబెట్టినవారి చరిత్ర చూసినా ఇదే కనిపిస్తుంది. సెవిల్‌కు చెందిన అమదోర్ సోదరులు, రఫాయెల్, రైముందో, జితానో (స్పెయిన్ రోమా జాతి) కుటుంబంలో కొంపాస్ మధ్య పెరిగి, ఆ తరువాత ఎలక్ట్రిక్ గిటార్ పట్టి పాతా నేగ్రా బృందంతో బ్లూస్‌ను తమ బాణీలోకి తెచ్చుకున్నారు. 1995లో రైముందో ఆల్బమ్‌లో బ్లూస్ గిటారిస్టు బి.బి. కింగ్ స్వయంగా వాయించాడు. కాదిస్ పియానిస్టు చానో దొమింగెస్ జాజ్ పియానిస్టు థెలోనియస్ మంక్ రచనలను కూడా ఫ్లామెంకో లయల్లోకి మార్చి వాయించాడు. నేరుగా బులెరియాతో కుస్తీ పట్టలేనివారు నాలుగు దెబ్బల బాణీలైన తాంగోస్‌తోనో రుంబాతోనో మొదలుపెట్టవచ్చు, అందులో తప్పేమీ లేదు. ఫ్లామెంకో గిటారిస్టు పాకో దె లూసియాకు 1970లలో పెద్ద పేరు తెచ్చిన 'ఎంత్రె దోస్ అగ్వాస్' కూడా రుంబాయే.

మిగిలిన అపోహలకు ఇంత చర్చ అవసరం లేదు.

అపోహ: ఈ ఫ్యూజన్ 1980లో శాన్‌ఫ్రాన్సిస్కోలో పాకోతో సహా ముగ్గురు గిటారిస్టులు చేసిన కచేరీతో పుట్టింది.

వాస్తవం: శాక్సొఫోన్ వాద్యకారుడు పేద్రో ఇతుర్రాల్దే 1967 నాటికే ఫ్లామెంకో జాజ్‌ను రికార్డు చేశాడు. అందులో కుర్రవాడైన పాకో కూడా వాయించాడు.

అపోహ: జాజ్ ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ 1959 నాటి 'ఫ్లామెంకో స్కెచెస్' ఫ్లామెంకోయే.

వాస్తవం: అది వరుసగా కొన్ని స్కేళ్ల మీద సాగే జాజ్ రచన. వాటిలో ఒకదానికి స్పానిష్ ఛాయ ఉంది, కొంపాస్ లేదు.

అపోహ: కహోన్ (చేతులతో వాయించే చెక్కపెట్టె) స్పెయిన్ ప్రాచీన వాద్యం.

వాస్తవం: పెరూ దేశానిది. 1970ల చివర్లో పాకో తెచ్చుకున్నాడు.

అపోహ: ఫ్లామెంకో మన రాగాల నుంచే పుట్టింది.

వాస్తవం: జితానోల పూర్వీకులు వాయవ్య భారతం నుంచి వెళ్లినవారే. ఫ్లామెంకో మాత్రం దక్షిణ స్పెయిన్‌లోని అండలూసియాలో, అక్కడి అనేక జాతుల పాటల నుంచి తయారైంది. మన సంగీతంతో దానికి ఉన్న చుట్టరికం ఇటీవలిది: పాకోతో కలిసి వాయించిన గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్, ఆ తరువాత రిమెంబర్ శక్తి బృందంలో మన పాలకొల్లు మాండలిన్ శ్రీనివాస్‌తోనూ వాయించాడు.

అపోహ: జితానో రక్తం ఉంటేనే ఈ లయ అబ్బుతుంది.

వాస్తవం: నన్ను అందరికంటే భయంగా అడిగే ప్రశ్న ఇదే. పాకో దె లూసియాయే జితానో కాదు. 1981లో ఆయన కట్టిన సెక్స్‌టెట్‌లో (ఆరుగురి బృందం) ఫ్లూట్, శాక్సొఫోన్ వాయించిన హోర్హె పార్దో మాద్రిద్‌వాడు, బేస్ వాయించిన కార్లెస్ బెనవెంత్ బార్సిలోనావాడు, తాళవాద్యాలు చూసుకున్న రూబెం దాంతాస్ బ్రెజిల్‌వాడు.