పాటీ కొనే ముందు చూసుకోవలసినవి

ఒడిశాలోని పర్లాకిమిడి, రాయగడ, బరంపురం పట్టణాల తెలుగు ఇళ్లలో నెలల బిడ్డను మామ్మో అమ్మమ్మో చాచిన కాళ్ల మీద కూర్చోబెట్టుకుని, నోటితో ‘ఉస్స్’మని శబ్దం చేస్తూ మూత్రం పోయించడం ఈనాటికీ ఉంది. ఇది వట్టి ఆచారం కాదు. ఒకే శబ్దం, ఒకే భంగిమ పదే పదే కలిసి వస్తే బిడ్డ శరీరం ఆ సంకేతానికి స్పందించడం నేర్చుకుంటుంది. తూర్పు ఆఫ్రికాలోని డిగో తెగ తల్లులు ఇటువంటి పద్ధతితోనే అయిదారు నెలలకు బిడ్డలను పొడిగా ఉంచగలుగుతున్నారని 1977లో వెలువడిన ఒక అధ్యయనం వైద్యలోకానికి తెలిపింది.

అయితే అక్కడ వేళ కనిపెట్టేది, బిడ్డను ఎత్తుకుపోయేది పెద్దవాళ్లే. రెండేళ్ల పిల్లవాడికి పాటీ (పిల్లలు కూర్చుని మలమూత్రాలు విసర్జించే చిన్న పీట) అలవాటు చేసేటప్పుడు మనం ఆశించేది వేరు. తనకు వస్తున్నదని తానే గ్రహించాలి, ఆట ఆపాలి, చోటు చేరేదాకా బిగబట్టాలి, చడ్డీ దించుకోవాలి, ఆ తరువాతే వదలాలి. కాళ్ల మీద చక్కగా పోసిన బిడ్డ రెండేళ్లకు నట్టింట తడిపితే దాన్ని మొండితనమనుకోవడం అన్యాయం.

నవజాత శిశువు సుమారు గంటకోసారి మూత్రం పోస్తుంది. మూత్రాశయం నిండిన కబురు వెన్నుపాము, మెదడు కాండం దాకా వెళ్లి, అక్కడినుంచే చాలావరకు జవాబు తిరిగి వస్తుంది. ‘ఇప్పుడు కాదు’ అని ఆ జవాబును ఆపగలిగేది మెదడు ముందరి భాగం. ఆ నాడీమార్గాలు పట్టు సాధించడానికి రెండు మూడేళ్లు పడుతుంది. ఈలోగా మూత్రాశయం కూడా పెరగాలి. బిడ్డ వయసుకు ఒకటి కలిపి 30తో హెచ్చిస్తే అది పట్టే పరిమాణం మిల్లీలీటర్లలో స్థూలంగా తెలుస్తుంది. రెండేళ్ల బిడ్డకు అది 90 మిల్లీలీటర్లు, అంటే ఒక చిన్న టీ గ్లాసెడు.

అమెరికాకు చెందిన పిల్లల వైద్యుడు బ్రేజెల్టన్ 1,170 మంది పిల్లల వివరాలను 1962లో ప్రచురించి, బిడ్డ సంసిద్ధతను బట్టే శిక్షణ మొదలుపెట్టాలని వాదించాడు. ఆయన చూసిన పిల్లలకు పగటి అలవాటు సగటున 28.5 నెలలకు కుదిరింది. 2003లో ఫిలడెల్ఫియా పరిశోధకులు మరో సంగతి గమనించారు: 27 నెలలకు ముందే పట్టుబట్టి శిక్షణ మొదలుపెడితే, చాలామంది పిల్లల్లో శిక్షణ కాలమే పొడవవుతుంది తప్ప ప్రయోజనం పెద్దగా ఉండదు. కనుక పక్కింటి పిల్లతో పోలిక మానేసి మన బిడ్డను చూడడమే మేలు. రెండు గంటలసేపు పొడిగా ఉండడం, తలుపు చాటుకు వెళ్లి నక్కి ముక్కడం, తడిసిన బట్టను తానే లాగి చూపడం, చెప్పిన చిన్న పని చేయడం వంటివి కనబడితే సమయం దగ్గర పడిందన్నమాట.

ఈ దశలో ఇళ్లలో అందరూ పాటీ రంగు, ఆకారం గురించి ఆలోచిస్తారు. నా దృష్టిలో అంతకన్నా ముందు చూడవలసింది బిడ్డ మలం గట్టిగా ఉందా, మెత్తగా ఉందా అన్నది. గట్టి మలం ఒక్కసారి నొప్పి పుట్టిస్తే చాలు, బిడ్డ మర్నాడు కాళ్లు బిగించి, ముఖం ఎర్రబడేలా నిలబడి ఆపుకుంటుంది. చూసేవారికి ముక్కుతున్నట్టే ఉంటుంది గాని, నిజానికి అది బిగబట్టడం. ఆగిన మలం నుంచి పెద్దపేగు నీటిని ఇంకా పీల్చుకోవడంతో అది మరింత గట్టిపడి, మరింత నొప్పిస్తుంది. ఇలా వారాలు సాగితే పురీషనాళం (పెద్దపేగు చివరి భాగం) సాగిపోయి, నిండిన సంగతే బిడ్డకు సరిగా తెలియకుండా పోతుంది. గట్టి ముద్ద పక్కలనుంచి పలుచని మలం కారి చడ్డీకి అంటితే పెద్దలు విరేచనాలని భ్రమపడతారు. నిండిన పురీషనాళం పక్కనే ఉన్న మూత్రాశయాన్ని నొక్కడంతో మూత్రం కూడా ఆగదు. ఇటువంటి స్థితిలో పాటీ మీద కూర్చోబెట్టడమంటే ఆ నొప్పికి, ఆ చోటికి ముడివేసి బిడ్డకు అప్పగించడమే. కాబట్టి శిక్షణకు కొన్ని వారాల ముందే తిండి సరిచేయాలి. రోజుకు అర లీటరుకు మించి పాలు, వాటితో బిస్కెట్లు ఇస్తే కడుపు నిండిపోయి బిడ్డ అన్నం, కూర ముట్టదు. పాలు తగ్గించి చోడి (రాగి) అంబలి, పప్పు, ఆకుకూర, బొప్పాయి, తగినన్ని నీళ్లు ఇవ్వాలి. అయినా మెత్తబడకపోతే వైద్యుణ్ణి అడగాలి.

గొంతుక్కూర్చోవడం మన పిల్లలకు సహజంగా వచ్చిన భంగిమ. పురీషనాళాన్ని చుట్టి ముందుకు లాగి పట్టుకునే ఒక కండరం ఆ భంగిమలో సడలి, దారి తిన్నగా అవుతుంది. అయితే పెద్దల మరుగుదొడ్డి గుంట బిడ్డకు భయం గొలుపుతుంది. నేలమీద పెట్టే చిన్న పాటీ అయినా, కమోడ్ మీద బిగించే సీటు అయినా పాదాలు గట్టిగా ఆనాలి. సీటు వాడితే కాళ్ల కింద పీట తప్పనిసరి. తిన్న పదిహేను, ఇరవై నిమిషాలకు పెద్దపేగు కదలిక పెరుగుతుంది గనుక అప్పుడు అయిదు నిమిషాలు కూర్చోబెట్టి, రాకపోతే లేపేయాలి.

కాలం కూడా చూసుకోవాలి. ముసురు పట్టిన ఆషాఢ శ్రావణాల్లో బట్టలు ఆరవు; కొరాపుట్ కొండల మీద పుష్యమాసపు చలిలో బిడ్డ చడ్డీ విప్పనివ్వదు. వేసవి అనువైనది. అంగన్‌వాడీకి పంపేవారు అక్కడి దీదీకి అర్థమయ్యే ఒడియా మాట, చిటికెన వేలు చూపే సైగ ముందుగానే నేర్పితే బిడ్డ అడగలేక తడుపుకోదు.

పిల్లల మలంతో రోగం రాదన్న నమ్మకం ఇంకా చాలా ఇళ్లలో ఉంది. అది తప్పు, పెద్దల మలంలో ఉండే క్రిములు, నులిపురుగుల గుడ్లు అందులోనూ ఉంటాయి. దాన్ని పెరట్లోనో కాలువలోనో పారేయకుండా మరుగుదొడ్డిలోనే పోసి, బిడ్డ చేతులు, మన చేతులు సబ్బుతో కడగాలి.

రాత్రి సంగతి పూర్తిగా వేరు. నిద్రలో మూత్రం తగ్గించే వాసోప్రెసిన్ హార్మోను, నిండిన మూత్రాశయం నిద్రలేపే శక్తి తమంత తామే కుదరాలి. శిక్షణతో వచ్చేవి కావవి. అయిదేళ్లు నిండేదాకా పక్క తడపడాన్ని వైద్యులు సమస్యగా లెక్కించరు, ఆ వయసులోనూ సుమారు 15 శాతం పిల్లలు తడుపుతూనే ఉంటారు. పగటి అలవాటు కుదిరాక కూడా పరుపు మీద రబ్బరు షీటు కొంతకాలం ఉంచాలి. ఆరు నెలలు పొడిగా ఉన్న బిడ్డ మళ్లీ తడపడం మొదలుపెట్టినా, మూత్రానికి మంట పుట్టి ఏడ్చినా, మలంలో రక్తం కనిపించినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.