కొళాయి ఎందుకు జిల్లుమంటుంది?

కందుకూరు నుంచి ఒక పాఠకురాలి ప్రశ్న: "తడి కాళ్లతో కొళాయి తిప్పితే చెయ్యి జిల్లుమంటోంది. ఎర్తు ఉంది కదా, ఇదేమిటి?"

ఆ ఎర్తు తీగను దేనికి కట్టారో ముందు చూడండి. పాత ఇళ్లలో దాన్ని నీళ్ల గొట్టానికి చుట్టేయడం అలవాటు. వీధి దాకా ఇనుప గొట్టమే ఉన్నన్నాళ్లూ ఎలాగో నడిచింది. మరమ్మతులో ఒక పి.వి.సి. ముక్క పడిందంటే చాలు, ఇంట్లో కొళాయిలకు నేలతో సంబంధం తెగిపోతుంది. ఇక గీజరులో కారే కరెంటంతా వాటి మీదే ఉంటుంది.

"కరెంటు నిరోధం తక్కువున్న దారినే పోతుంది" అని బడిలో నేర్పుతారు. ఈ మాట ప్రాణాల మీదికి తెస్తుంది. కరెంటు దొరికిన ప్రతి దారిలోనూ పోతుంది, నిరోధాన్ని బట్టి పంచుకుంటూ. తడి ఒళ్లూ అందులో ఒక దారే.

విడిగా ఎర్తు గుంత తీసినా సరిపోదు. కనిగిరి వైపు రాతినేలలో, ఎండాకాలం, ఎర్తు నిరోధం 20 ఓములనుకుందాం. గీజరులో ఫేజు తీగ బాడీకి తగిలింది. 230ని 20తో భాగిస్తే 11.5 ఆంపియర్లు. 16 ఆంపియర్ల ఎం.సి.బి.కి, అంటే కరెంటు మితిమీరితే తానే పడిపోయే స్విచ్చికి, అది మామూలు లోడు, పడదు. గొట్టాలన్నీ దాదాపు 230 వోల్టుల మీద నిలబడి ఉంటాయి. ఉప్పూ బొగ్గూ వేసి 10 ఓములకు దించారనుకోండి, 23 ఆంపియర్లు. 1.45 రెట్ల లోడుకు, అంటే 23.2 ఆంపియర్లకు, ఎం.సి.బి. గంటలోగా పడితే చాలని ప్రమాణం. గంట! పైగా ఉప్పు వానలకు కరిగిపోతుంది, ఉన్నన్నాళ్లూ గుంతలోని జి.ఐ. (జింకు పూత ఇనుప) గొట్టాన్ని తినేస్తుంది. ఎంత పోస్తే అంత మంచిదన్న నమ్మకం వదులుకోవాలి.

30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. కూడా స్విచ్చే, కారే కరెంటును పట్టేది; దాని పని వేరు. ఫేజులో వెళ్లినదీ న్యూట్రల్‌లో తిరిగొచ్చినదీ అది పోల్చి చూస్తుంది, 30 మిల్లీ ఆంపియర్ల తేడా వస్తే పడిపోతుంది. 20 ఓముల ఎర్తులో 30 మిల్లీ ఆంపియర్లు పారితే గొట్టం మీద 0.6 వోల్టులే. కొళాయి జిల్లుమనక ముందే అది పడిపోతుంది. ఊరికే పడుతోందని కొందరు దాన్ని పీకేస్తారు. చాలాసార్లు తప్పు దానిది కాదు, బోర్డులో న్యూట్రల్‌నూ ఎర్తునూ కలిపిన తీగది. తీయాల్సింది ఆ తీగను.

మెయిన్ ఆపి, మిల్లీ ఆంపియర్లు చూపే క్లాంప్ మీటరును గొట్టం చుట్టూ పెట్టండి. అప్పుడూ కరెంటు కనిపిస్తే అది పక్కింటి నుంచి వస్తున్నదే. 38 మి.మీ. లావు, 2.5 మీటర్ల పొడవున్న జి.ఐ. గొట్టంతో సొంత ఎర్తు గుంత వేయించండి. ఇంట్లోని ఇనుప గొట్టాలన్నిటినీ ఆ ఎర్తుకే కలపండి. ఆ తర్వాతే, పక్కింటి కరెంటు లోపలికి రాకుండా, వీధి లైను ఇంట్లోకి వచ్చే చోట ప్లాస్టిక్ గొట్టం. అడుగు ముక్క చాలదు, ఉప్పటి బోరు నీళ్లు తామే కరెంటు మోస్తాయి. రెండు మీటర్లు ఉండాలి.

కోసేముందు కోతకు అటూ ఇటూ లావుపాటి రాగి తీగను క్లాంపులతో బిగించాలి. లేదంటే గొట్టం తెగిన క్షణాన, ఒక్కో చేత ఒక్కో ముక్క పట్టుకున్న ప్లంబరే ఆ తీగ అవుతాడు.