ప్రాసెసర్ మారితే బయటపడే తప్పులు

లైనక్స్‌లో ఒక రకం ప్రాసెసర్ కోసం కంపైల్ చేసిన (దాని యంత్రభాషలోకి మార్చిన) ప్రోగ్రామును మరో రకం మీద నడపబోతే ‘ఎగ్జెక్ ఫార్మాట్ ఎర్రర్’ అన్న సందేశం ఎదురవుతుంది. ఆ ఫైలు మొదట్లోనే అది ఏ ప్రాసెసర్‌కు చెందినదో తెలిపే సంఖ్య ఉంటుంది: ఇంటెల్, ఏఎండీల 64 బిట్ ప్రాసెసర్లకు 62, 64 బిట్ ఆర్మ్‌కు 183, రిస్క్-ఫైవ్‌కు 243. లైనక్స్ కేంద్ర భాగమైన కెర్నెల్ దాన్ని చూసి, తాను నడపలేనిదైతే తిరస్కరిస్తుంది. అందువల్ల డెబియన్ వంటి డిస్ట్రిబ్యూషన్లు (లైనక్స్‌ను ప్రోగ్రాములతో కలిపి అందించేవి) ప్రోగ్రామర్ రాసిన ఒకే సోర్స్ కోడ్ నుంచి ఒక్కో ఆర్కిటెక్చర్‌కు (ప్రాసెసర్ రకానికి) విడిగా ప్యాకేజీ, అంటే ఇన్‌స్టాల్ చేసుకోవడానికి సిద్ధమైన మూట, తయారు చేయవలసి వస్తుంది.

కంపైలర్ ఉంటే అది పెద్ద కష్టమేమీ కాదు. అసలు చిక్కు, ప్రోగ్రామర్ తనకు తెలియకుండానే తన కంప్యూటర్ స్వభావాన్ని కోడ్‌లో పెట్టేయడం వల్ల వస్తుంది. సి భాషలోని ‘చార్’ అనే ఒక బైటు రకాన్ని తీసుకోండి. అందులో రుణసంఖ్యలు పడతాయా లేదా అన్నది భాషా ప్రమాణం తేల్చలేదు. లైనక్స్‌లో మామూలుగా ఇంటెల్ మీద పడతాయి, ఆర్మ్ మీద పట్టవు. ఇన్‌పుట్‌ను ఒక్కో బైటుగా చదివే ‘గెట్‌చార్’ అది అయిపోగానే -1 ఇస్తుంది. ఆ విలువను చార్‌లో ఉంచి, -1 వచ్చేదాకా చదవమని రాసిన ప్రోగ్రాము ఇంటెల్ మీద ఆగుతుంది. ఆర్మ్ మీద ఆ -1 కాస్తా 255 అయిపోతుంది కనుక ఎన్నటికీ ఆగదు. ఇందులో ఆర్మ్ తప్పేమీ లేదు. నిజానికి ఇంటెల్ మీద కూడా ఆ ప్రోగ్రాము తప్పుదే, ఎందుకంటే ఇన్‌పుట్ మధ్యలో 255 విలువ గల బైటు తగిలితే అక్కడే ఆగిపోతుంది. కాకపోతే మామూలు ఇంగ్లీషు పాఠంలో అటువంటి బైటు ఉండదు కనుక ఎవరి కంటా పడదు.

ఐబీఎం మెయిన్‌ఫ్రేములనే పెద్ద కంప్యూటర్ల ఎస్390ఎక్స్ ఆర్కిటెక్చర్‌ది మరో తీరు. అది సంఖ్యలోని పెద్ద విలువ గల బైటును ముందు ఉంచుతుంది, ఇంటెల్ చివర ఉంచుతుంది. కాబట్టి ఇంటెల్ మీద నాలుగు బైట్లుగా ఉన్నదున్నట్టు ఫైలులో రాసిన 1, అక్కడ చదివితే 1,67,77,216 అవుతుంది.

ఇలాంటివి పట్టుకోవాలంటే ప్యాకేజీతో వచ్చే పరీక్షలను నడిపి చూడాలి. ఇంటెల్ యంత్రం మీదే ఆర్మ్ ప్యాకేజీని తయారు చేసే క్రాస్ కంపైలేషన్ వేగంగా సాగుతుంది గానీ, పుట్టిన ప్రోగ్రామును అక్కడ నడపడం కుదరదు. మరో ప్రాసెసర్‌ను సాఫ్ట్‌వేర్‌తో అనుకరించే క్యూఈఎంయూ వంటి ఎమ్యులేటర్‌తో నడపవచ్చు, నెమ్మదిగా. అయితే ఆర్మ్ ప్రాసెసర్ మెమరీలోకి రాసే వరుసను మార్చుకునే స్వేచ్ఛ ఇంటెల్‌కన్నా ఎక్కువ. ఆ స్వేచ్ఛ వల్ల బహుళ థ్రెడ్ల (ఒకేసారి అనేక పనులు సాగించే) ప్రోగ్రాముల్లో తలెత్తే లోపాలు ఇంటెల్ మీది ఎమ్యులేషన్‌లో సాధారణంగా కనిపించవు. 2025 ఆగస్టులో వెలువడిన డెబియన్ 13తో అధికారిక ఆర్కిటెక్చర్ల జాబితాలో చేరిన రిస్క్-ఫైవ్‌కు కూడా ప్యాకేజీలను ఆ ప్రాసెసర్లున్న నిజమైన యంత్రాల మీదే తయారు చేయడానికి ఇదొక మంచి కారణం.