చాక్లెట్ కాగితం వెనక ఏం చదవాలి?

చిత్తూరు
మామిడి కాలం

పిల్లలకు ఆశీస్సులు.

"తాతా, చాక్లెట్‌లో వేసే కోకో కోసేది మాలాంటి పిల్లలేనంట కదా! మరి ఏ కంపెనీది కొంటే తప్పు లేదు?" అని మీలో చిన్నది అడిగింది. అడగాల్సిన ప్రశ్నే అడిగింది. ఫలానాది కొనండి, ఫలానాది మానండి అని ఒక్క ముక్కలో చెప్తే రెండేళ్లకు ఆ మాట చెల్లకపోవచ్చు. కంపెనీలు పద్ధతులు మార్చుకుంటూ ఉంటాయి. అందుకని మీకు మీరే తేల్చుకునే దారి రాస్తున్నా.

ముందు మన తోతాపురి సంగతి చూడండి. ఇప్పుడు గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నాయి కదా. తోటలో కోసిన కాయ ర్యాంపుకో మండీకో పోతుంది. అక్కడ పది ఊళ్ల కాయ ఒకే కుప్ప అవుతుంది. ఫ్యాక్టరీలో కడిగి, టెంక తీసి, గుజ్జు చేసి, డ్రమ్ములకెత్తి ఓడెక్కిస్తారు. ఎక్కడో గల్ఫ్‌లో ఆ రసం తాగే పిల్లవాడికి కాయ బంగారుపాళ్యానిదో దామలచెరువుదో తెలిసే దారి లేదు. (మా చిన్నప్పుడు తోతాపురి అంటే పచ్చికాయే. కోసి, ఉప్పూ కారం అద్దుకుని చెట్టు కిందే తినేవాళ్లం. కాయ ఎవరి చెట్టుదో అందరికీ తెలుసు.)

కోకో నడిచేదీ ఇదే దారి. ప్రపంచపు కోకోలో సగానికి పైగా పశ్చిమాఫ్రికాలోని ఐవరీ కోస్ట్, ఘనా దేశాలదే. ఒక్కో కాయలో 30–40 గింజలుంటాయి. కాయను కత్తితో పగలగొట్టి, గింజల్ని గుజ్జుతో సహా కుప్పపోసి, అరటాకులు కప్పి ఐదారు రోజులు పులియబెడతారు. తర్వాత వారం రోజులు ఎండబెట్టి మూటకడతారు. ఆ మూట ఊళ్లో తిరిగే దళారికి చేరితే, అక్కణ్ణుంచి మన ర్యాంపులో లాగానే అందరి గింజా కలిసిపోతుంది.

ధర సంగతిలోనూ మామిడి దగ్గరే ఉందాం. 2025 వేసవిలో తోతాపురికి ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలివ్వాలి, ప్రభుత్వం 4 కలుపుతుంది అన్నారు. పండించినవాడు ఆ ధర చెప్పలేదు. ఐవరీ కోస్ట్‌లోనూ పంటకాలం మొదట్లో ప్రభుత్వమే కోకో ధర కడుతుంది. 2024 డిసెంబరులో న్యూయార్క్ మార్కెట్లో టన్ను కోకో 12,000 డాలర్లు దాటింది, అంటే కిలో మన డబ్బులో వెయ్యి రూపాయలు. అదే పంటకాలంలో ఐవరీ కోస్ట్ రైతుకు కట్టిన ధర కిలోకు 1,800 ఫ్రాంకులు, దాదాపు 250 రూపాయలు.

ఆ రైతు కూలీని పెట్టుకోలేడు, అందుకని ఇంట్లో పిల్లల్ని దించుతాడు. 2018–19 పంటకాలంలో షికాగో విశ్వవిద్యాలయపు పరిశోధకులు లెక్క తీస్తే ఆ రెండు దేశాల కోకో తోటల్లో బాలకార్మికులు 15.6 లక్షల మంది తేలారు. ఎక్కువమంది సొంతవాళ్ల తోటల్లోనే ఉన్నారు. బరువు మూటలు మొయ్యడం, పెద్ద కత్తులు పట్టడం, పురుగుమందుల దగ్గర ఉండడం వాళ్ల పని. బడి నుంచి వచ్చి గింజలు ఎండేయడంలో సాయపడితే దాన్ని బాలకార్మికం అనరు. ఆ తల్లిదండ్రుల్ని మాత్రం తిట్టుకోకండి. వాళ్లకు గిట్టుబాటు అయ్యేంత ధర ఇచ్చి చూడాలి, అప్పుడు తెలుస్తుంది.

ఇక కాగితం తిప్పండి. మన దేశంలో పదార్థాల పట్టీలో ఎక్కువున్నది ముందు రాయాలి. కోకో కంటే ముందు పామాయిలో, హైడ్రోజినేటెడ్ వెజిటబుల్ ఫ్యాటో కనబడితే కోకో గురించి తర్వాత, ముందు ఆ నూనె ఎక్కడిదో అడగాల్సి వస్తుంది. తర్వాత ముద్రలు చూడండి, అంటే పంట ఎలా పండించారో బయటి సంస్థలు చూసి ఇచ్చే గుర్తులు. ఆకుపచ్చ కప్ప బొమ్మ రెయిన్‌ఫారెస్ట్ అలయన్స్‌ది. ఇది ముఖ్యంగా అడవి, నేల, తోట పనివాళ్ల సంగతి చూస్తుంది. రైతుకు కనీస ధరేమీ కట్టదు, టన్నుకు కనీసం 70 డాలర్లు అదనంగా ఇవ్వమంటుంది. నలుపు మీద నీలం, ఆకుపచ్చ కలిసిన గుర్తు ఫెయిర్‌ట్రేడ్‌ది. ఇది కనీస ధర కడుతుంది. 2019 అక్టోబరులో ఆ ధరను టన్నుకు 2,400 డాలర్లకు పెంచి, దాని మీద రైతుల సంఘానికి 240 డాలర్లు వేరే ఇవ్వాలన్నారు. ఆ డబ్బు దేనికి ఖర్చుపెట్టాలో రైతులే తీర్మానించుకుంటారు. సేంద్రియ పంటకు వేసే జైవిక్ భారత్ ముద్ర ఎరువులు, మందుల గురించి చెప్తుంది గానీ కూలి గురించి ఏమీ చెప్పదు.

ముద్ర ఉన్నంత మాత్రాన మీ చేతిలో ఉన్న ముక్కలోని గింజ ఆ మంచి తోటదే కానక్కర్లేదు. ఇక్కడ చాలామంది పెద్దలే పొరబడతారు. మళ్లీ గుజ్జు ఫ్యాక్టరీకి రండి. వెయ్యి టన్నుల కాయ వచ్చింది, అందులో వంద టన్నులు మందు కొట్టని తోటలవి అనుకోండి. అన్నిటినీ ఒకే తొట్టిలో పోసి, లెక్క పుస్తకం చూసి, వంద టన్నులకు సరిపడా డ్రమ్ములకు మాత్రం "మందు కొట్టనిది" అని చీటీ అంటిస్తే? చీటీ ఉన్న డ్రమ్ములోనూ కలగలుపు గుజ్జే ఉంటుంది. అయినా ఆ వంద టన్నుల రైతులకు అదనపు డబ్బు చేరింది కాబట్టి అది మోసం కాదు. దీన్ని మాస్ బ్యాలెన్స్ అంటారు, కోకోకు ఆ రెండు ముద్రలూ దీన్ని ఒప్పుకుంటాయి. ఫెయిర్‌ట్రేడ్ గుర్తు పక్కన చిన్న బాణం ఉంటే కాగితం వెనక చూడమని అర్థం. ఇలాంటి వివరం అక్కడే రాస్తారు.

పెద్ద కంపెనీలు సొంత కార్యక్రమాలు పెట్టుకున్నాయి. సత్యవేడు వైపు శ్రీసిటీలో 2016లో తెరిచిన క్యాడ్‌బరీ ఫ్యాక్టరీ మనందరికీ తెలుసు. ఆ కంపెనీ కార్యక్రమం కోకో లైఫ్, 2012లో మొదలైంది. సొంతదైనంత మాత్రాన చెడ్డదని కాదు. బయటివాళ్లెవరు తనిఖీ చేశారు, ఏం తేల్చారు అన్నది వెతకండి. "మా కోకోలో 80 శాతం ఏ తోటదో తెలుసు" అని రాసి ఉంటే అది కొన్న కోకో మొత్తంలోనా, నేరుగా కొన్నదాంట్లోనేనా చూడండి. ఈ ఒక్క మాటలో చాలా దాగుతుంది.

"మా తోటల్లో బాలకార్మికులు లేనే లేరు" అనే కంపెనీ కంటే, "ఇన్ని ఇళ్లు తిరిగాం, ఇంతమంది పిల్లలు దొరికారు, ఇందరిని బడిలో చేర్చాం" అని లెక్క చూపే కంపెనీనే నేను ఎక్కువ నమ్ముతా. పిల్లలు పనిలో ఉన్నారని అందరికీ తెలిసిన చోట సున్నా చూపించారంటే వెతకలేదనే అర్థం. గడువులు చూసి కూడా మురిసిపోకండి. అతి ఘోరమైన బాలకార్మికాన్ని 2005కల్లా పోగొడతామని 2001లోనే చాక్లెట్ కంపెనీల పెద్దలు సంతకాలు పెట్టారు. అది 2008 అయింది. తర్వాత, 2020కల్లా 70 శాతం తగ్గిస్తామన్నారు. ఆ 2020లోనే పైన చెప్పిన 15.6 లక్షల లెక్క బయటికొచ్చింది.

కంపెనీల్ని పక్కపక్కన పెట్టి చూడాలంటే, స్వచ్ఛంద సంస్థలు వాటిని బేరీజు వేసి తయారుచేసే చాక్లెట్ స్కోర్‌కార్డ్ ఉంది. గింజ ఎక్కడిది, రైతు ఆదాయం, పిల్లల పని, అడవి నరకడం, నీడచెట్ల కింద సాగు, పురుగుమందులు అని విడివిడిగా రంగులు వేస్తారు. జవాబులిచ్చేది కంపెనీలేనని గుర్తుపెట్టుకుని చదవండి.

మన కోకో కూడా ఉంది. ఏలూరు, పశ్చిమ గోదావరి వైపు కొబ్బరి, పామాయిల్ తోటల్లో అంతర పంటగా వేస్తారు, దానికోసం అడవి కొట్టక్కర్లేదు. అది పెద్ద మేలే. అయినా 2025లో అక్కడి రైతులూ ధర పడిపోయిందని రోడ్డెక్కారు. కాబట్టి దగ్గరిదైనా ధర అడగాల్సిందే. క్యాంప్‌కో అని ఇంకొకటుంది. అది రైతుల సహకార సంఘం, 1973లో పెట్టుకున్నారు, 1986 నుంచి పుత్తూరులో చాక్లెట్ చేస్తున్నారు. మన పుత్తూరు కాదు, కర్ణాటకలో మంగళూరు వైపుది.

ఈ సెలవుల్లో అంగట్లో రెండు రకాల చాక్లెట్లు తీసుకుని పదార్థాలు, ముద్రలు, వెనక సన్నక్షరాలు నోటుబుక్కులో ఎక్కించండి. వినియోగదారుల కోసం చిరునామా, ఈమెయిలు కాగితం మీదే ఉంటాయి. ఆ చిరునామాకు మూడు ప్రశ్నలు రాయండి: ఈ చాక్లెట్‌లోని కోకో ఏ సంఘం నుంచి కొన్నారు? మార్కెట్ ధర మీద రైతుకు కిలోకు ఎంత ఎక్కువిచ్చారు? పోయినేడు ఎంతమంది పిల్లలు పనిలో కనబడ్డారు, వాళ్లకేం చేశారు? "మేము బాధ్యతగా కొంటాం" అని మాత్రం జవాబొస్తే మూడూ మళ్లీ రాసి పంపండి. సంఘం పేరు చెప్తే ఆ ఊరు పటంలో వెతికి, జవాబుతో పాటు నాకు పంపండి. మిగతాది అది చదివాక రాస్తా.

మీ తాత